భీమడోలు లూపులో రాని ఎక్స్‌ప్రెస్

రైల్వేలో చీఫ్ లోకో ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మరుసటి సంవత్సరం జూలై నెలలో నాకు రెండో ఉద్యోగం వచ్చింది. పోస్టింగు ఏలూరు. హోదా సాంకేతిక సలహాదారు. ఆఫీసు ఆర్.ఆర్.పేటలో ఒక టైర్ల షాపు మేడ మీద రెండు గదులు. నా పరిధి ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వరకు ఉన్న మెయిన్ లైను. అయితే ఆ లైను మీద తిరిగే బండ్లన్నీ కంప్యూటర్ లోపలివి. అది రైలు బండి నడిపే ఆటలు తయారుచేసే కంపెనీ.

లోకో ఇన్‌స్పెక్టర్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు కాబట్టి రెండు మాటలు చెబుతాను. బండి నడిపేవాణ్ని లోకో పైలట్ అంటారు. నేనూ చాలా ఏళ్లు గూడ్సులు, ప్యాసింజర్లు, ఆ తర్వాత మెయిళ్లు నడిపాను. లోకో ఇన్‌స్పెక్టర్ ఆ నడిపేవాడి వెనక ఇంజన్లో నిలబడతాడు. సిగ్నల్ కనబడగానే పైలటూ, అసిస్టెంటూ చెయ్యెత్తి చూపించి దాని రంగు పైకి చెప్పుకుంటున్నారా, బ్రేకు ఎక్కడ వేస్తున్నారు, గేటు ముందు హారన్ కొడుతున్నారా అని చూసి, లోపాలుంటే నచ్చజెబుతాడు. మా ఆవిడ కరుణ లెక్కలో అది జీతం తీసుకుని జనాన్ని సతాయించే ఉద్యోగం.

నన్ను పనిలోకి పిలిచింది షాహీనా. ముప్పై ఏళ్ల లోపు పిల్ల. వాళ్లది తివాచీలు నేసే కుటుంబం, తాతల కాలం నుంచి ఏలూరే. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో కొన్నాళ్లు చేసి, పెళ్లయ్యాక సొంత ఊరికి వచ్చి, కంపెనీని ఒప్పించి ఇక్కడ ఈ రెండు గదులు తెరిపించింది. పెన్షనర్ల సంఘంలో ఎవరో నా పేరు చెబితే అడ్రసు కనుక్కుని మా ఇంటికి వచ్చింది.

"మీరు ప్రోగ్రాం రాయక్కర్లేదండీ. మేం చేసినదాంట్లో తప్పులు పడితే చాలు," అంది.

లోపల్నుంచి కరుణ అందుకుంది. "ఆ పనైతే జీతం ఇవ్వకపోయినా చేస్తారమ్మా ఆయన."

చేరిన మొదటి వారం నాకు వాళ్ల భాష అర్థం కావడానికే సరిపోయింది. రూట్ అంటే ఒక దారి మొత్తం. పట్టాలు, కరెంటు తీగలు, స్టేషన్లు, సిగ్నళ్లు, గేట్లు, చుట్టూ కనిపించే పొలాలు, చెరువులు. దాన్ని ఇంటర్నెట్ దుకాణంలో కొనుక్కుని ఇంట్లో కూర్చుని నడుపుకుంటారు. అయితే ఉత్త పట్టాలు కొని ఏం చేసుకుంటారు? అందుకని రూట్‌తో పాటు ఒక ఇంజనూ, కొన్ని పెట్టెలూ, నాలుగైదు డ్యూటీలూ కలిపి ఇస్తారు. ఈ డ్యూటీని వాళ్లు సినారియో అంటారు. ఫలానా బండి ఎక్కు, ఫలానా చోట ఆగు, ఫలానా బండికి దారివ్వు అని ముందే రాసిపెట్టిన పని అది. ఇలా రూట్‌తో కలిసి వచ్చే సరుకుని బండిల్ అంటారు. కలిపి ఇవ్వకుండా విడిగా అమ్మేది యాడ్ఆన్.

టిఫిన్ సెంటర్లో ఇడ్లీతో చట్నీ, సాంబారు వాటంతటవే వస్తాయి. అల్లప్పచ్చడి అడిగితే వేస్తాడు. నెయ్యి కారప్పొడి మాత్రం వేరే చెప్పుకోవాలి. ఈ ఆటల వ్యాపారం కూడా అంతేనని నేను అర్థం చేసుకున్నాను. ఏది చట్నీ, ఏది నెయ్యి అన్నదే వాళ్లలో వాళ్లకి వచ్చే పెద్ద తగాదా.

మా రూట్‌తో కలిపి ఇవ్వాలనుకున్నవి ఒక ఎలక్ట్రిక్ ఇంజను, నీలం రంగు పాత ప్యాసింజరు పెట్టెలు, ప్లాట్‌ఫాం మీద నిలబడే జనం, ఇంజను హారన్, పట్టాల చప్పుడు, కొన్ని సినారియోలు. ఎర్ర రంగు కొత్త ఎక్స్‌ప్రెస్ పెట్టెలు, గూడ్సు వ్యాగన్లు, పక్షుల ప్యాక్ మాత్రం కంపెనీ అంతకు ముందే చేసి విడిగా అమ్ముతోంది.

బొమ్మలన్నీ చేసేవాడు సందీప్. పూళ్ళ కుర్రాడు, రోజూ ప్యాసింజర్‌లో వస్తాడు. రైళ్లంటే ప్రాణం. ఏ బండికి ఏ షెడ్డు ఇంజను తగిలిస్తారో పెళ్లిపిలుపులంత శ్రద్ధగా గుర్తుపెట్టుకుంటాడు. చేరిన రోజే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి బండి ఎలా కదిలించాలో నేర్పడం మొదలెట్టాడు. తాతకు దగ్గులు నేర్పుతున్నావురా అబ్బాయీ అని నవ్వాను గానీ, తీరా చూస్తే ఆ మీటలు ఏవీ నాకు తెలియవు. వారం రోజులు అతని దగ్గరే దగ్గులు నేర్చుకున్నాను.

నేను పట్టిన మొదటి తప్పు భీమడోలు ప్లాట్‌ఫాం మీద. అక్కడ నిలబెట్టిన జనం అందరూ చలికోట్లు వేసుకుని, మెడకి ఉన్ని గుడ్డలు చుట్టుకుని ఉన్నారు. ఏదో చలిదేశం రూట్ కోసం తయారైన మనుషులట, ఊరికే వస్తే వాడేశారు. భీమడోలులో మే నెలలో చలికోటు వేసుకున్నవాణ్ని పోలీసులు పట్టుకెళతారని చెప్పాను. ద్వారకా తిరుమల కొండకి వెళ్లేవాళ్లు అక్కడే దిగుతారు, తలనీలాలిచ్చి తిరిగి బండెక్కేవాళ్లూ అక్కడే ఉంటారు, కాబట్టి గుండుకి గంధం రాసుకున్నవాళ్లు పదిమందైనా ఉండాలన్నాను. సందీప్ మర్నాటికల్లా చేసేశాడు. గుండ్లు చెయ్యడం తేలికండీ, జుట్టు చెయ్యడమే కష్టం అన్నాడు.

రెండో తగాదా కొల్లేరు గురించి. దెందులూరు దాటగానే కిటికీలోంచి సరస్సు మొత్తం కనిపించేలా పెట్టారు. మెయిన్ లైన్లో వెళ్లేవాడికి కొల్లేరు కనిపించదు, మహా అయితే చేపల చెరువులు కనిపిస్తాయని నేను పట్టుబట్టాను.

"కొనేవాళ్లకి కొల్లేరు కావాలండీ," అంది షాహీనా.

"నడిపేవాడికి ఉన్నది కావాలమ్మా," అన్నాను.

చివరికి సరస్సు తీసేసి, చేపల చెరువులూ, గట్ల మీద కొబ్బరిచెట్లూ పెట్టారు. దానికి బదులు భీమడోలు మీదుగా కొల్లేటి గూడబాతుల గుంపు ఒకటి ఎగురుతూ వెళ్లేలా ఒప్పందం కుదిరింది. పక్షులు ఎక్కడికైనా ఎగురుతాయి గనుక నాకూ అభ్యంతరం లేకపోయింది.

ఆ నెలల్లో నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పాలి. ముప్పై ఏళ్లు ఆ దారిలో తిరిగి కూడా నేను చూసింది సిగ్నళ్లే. పక్కకి చూస్తే తప్పు. ఇప్పుడు సందీప్‌తో కలిసి ప్యాసింజరు కిటికీ దగ్గర కూర్చుని, చేబ్రోలు దగ్గర కాలవ ఏ వంపు తిరుగుతుందో, బాదంపూడి గేటు దగ్గర ఏ ఇల్లు ముందొస్తుందో ఫొటోలు తీయిస్తుంటే, ఇంత అందమైన దారికి జీతం తీసుకున్నానా అనిపించేది.

ఇదిలా ఉండగా ఒక మధ్యాహ్నం టీ తాగుతూ షాహీనా అసలు సంగతి చెప్పింది. హైదరాబాద్‌లో కంపెనీ పెద్దాయన పేరు అనిల్. ఏలూరు ఆఫీసు మీద ఆయనకి మొదటినుంచీ నమ్మకం లేదు. ఈ రూట్‌ని జనం కొని ఉంచుకుంటే గదులు ఉంటాయి, కొన్నవాళ్లు తిప్పి పంపేస్తే మూసేసి అందరినీ హైదరాబాద్ రమ్మంటారు. ఆ ఇంటర్నెట్ దుకాణంలో కొన్న ఆట నచ్చకపోతే కొద్ది రోజుల్లో వెనక్కి ఇచ్చేసే వీలుంది. సందీప్ అయితే మూట సర్దుకుని వెళ్లిపోగలడు. షాహీనా వెళ్లలేదు. భర్తది తాడేపల్లిగూడెంలో ఉద్యోగం, కూతురు ఇక్కడే బళ్లో చేరింది, పిల్లని చూసుకునే అత్తగారు ఊరు వదలరు.

"మూసేస్తే నేను మానెయ్యడమేనండీ. నాకు పని కావాలండీ, ఏలూరూ కావాలండీ," అంది. ఆ రోజు నుంచి తప్పులు పట్టడంలో నాకు కొంచెం భయం చేరింది.

విడుదలకి ముందు ఒక చిన్న మార్పు జరిగింది. ఒక సినారియోలో ఆటగాడు ఏలూరు నుంచి ప్యాసింజరు తీసుకుని బయలుదేరతాడు. భీమడోలులో వాణ్ని లూప్ లైన్లోకి, అంటే మెయిన్ లైన్ పక్కన ఉండే లైన్లోకి తీసుకుంటారు. వెనక నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైన్లో దాటిపోయాక ప్యాసింజరుకి స్టార్టర్ ఇస్తారు. స్టార్టర్ అంటే స్టేషన్ నుంచి బయలుదేరడానికి అనుమతినిచ్చే సిగ్నల్. మొదట ఆ ఎక్స్‌ప్రెస్‌కి నీలం పెట్టెలే పెట్టారు. సందీప్‌కి అది నచ్చలేదు.

"ఆ బండికి నీలం పెట్టెలు తీసేసి చాలా కాలమైందండీ. ఎర్ర పెట్టెలు పెట్టకపోతే రైళ్ల పిచ్చివాళ్లు మనల్ని బతకనివ్వరండీ," అన్నాడు.

నిజమే అన్నాను నేను. షాహీనా సరేనంది. ఎర్ర పెట్టెలు మార్చి చూశాం. చూడముచ్చటగా ఉంది. ముగ్గురం చప్పట్లు కొట్టుకున్నాం. ఆ తర్వాత దుకాణం వాళ్లకి రూట్ పంపించేశారు, విడుదల తేదీ ప్రకటించేశారు.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. వర్షాలు పట్టుకున్నాయి. నాకు జలుబు చేసింది. ఆఫీసుకి రావద్దని షాహీనా ఫోన్ చేసి, మీ ఇంట్లో కంప్యూటర్లోకి పంపిస్తాను, అచ్చం కొనుక్కున్నవాళ్లకి ఎలా వస్తుందో అలాగే వస్తుంది, సరదాగా నడుపుకోండి అంది. ఈ ఉద్యోగం వచ్చాక కొత్తగా కొన్న కంప్యూటర్ అది. అందులో వేరే ఆటలేవీ లేవు. కరుణ చర్చి పాటలు వినడానికి వాడుకునేది.

పొద్దున్న టిఫిన్ తిని డ్యూటీ ఎక్కాను. ఏలూరులో స్టార్టర్ గ్రీన్. అలవాటు కొద్దీ చెయ్యెత్తి, "స్టార్టర్ గ్రీన్" అని పైకి చెప్పాను. ఎవరితోనండీ అని కరుణ వంటింట్లోంచి అడిగింది. దెందులూరు దాటాను. చేపల చెరువులు బాగున్నాయి. స్టేషన్‌లోకి రానిచ్చే భీమడోలు హోం సిగ్నల్ ఎల్లో పడి, లూప్‌లోకి అని పక్కన తెల్ల దీపాల వరస వెలిగింది. మెల్లగా లూప్‌లోకి వెళ్లి ప్లాట్‌ఫాం మీద ఆపాను. గుండ్లవాళ్లు ఎక్కారు. స్టార్టర్ రెడ్. ఎక్స్‌ప్రెస్ రావాలి కదా, కూర్చున్నాను.

అది రాలేదు. ఇంకా కూర్చున్నాను. కంట్రోలరుని అనుమతి అడగడానికి ఆటలో ఒక మీట ఉంటుంది. నొక్కితే, ముందు ఎక్స్‌ప్రెస్ వెళ్లాలి, అనుమతి లేదు అని జవాబు వచ్చింది. సరే, కారణం చెప్పాడు కదా అని మళ్లీ కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు విసుగు రాలేదు. ప్యాసింజర్ నడిపినవాడి ఉద్యోగంలో సగం లూప్ లైన్లోనే గడుస్తుంది. అవతలి బండి పోయేవరకు కూర్చోవడం చేతకానివాడు ఈ పనికి రాకూడదని కొత్త పైలట్లకి ఎన్నోసార్లు చెప్పినవాణ్ని.

"ఏవండీ, అన్నం చల్లారిపోతోంది," అంది కరుణ.

"స్టార్టర్ రెడ్ ఉంది."

"బొమ్మలో రెడ్డేనా అండీ?"

"బొమ్మలోదైనా రెడ్డు రెడ్డే. ఇంజన్ వదిలి రాకూడదు."

ఆవిడ నా ముఖం ఒకసారి చూసి, కంచంలో పప్పన్నం కలిపి కంప్యూటర్ పక్కన పెట్టి వెళ్లిపోయింది. వెళుతూ, రిటైరైనవాళ్లకి కూడా రన్నింగ్ డ్యూటీ వేసే కంపెనీ ఇదొక్కటే అంది. నేను తినేలోపు తెర మీద పొద్దు గూట్లో పడింది. ప్లాట్‌ఫాం దీపాలు వెలిగాయి. ఎక్స్‌ప్రెస్ జాడ లేదు. అప్పుడు ఆఫీసుకి ఫోన్ చేసి, భీమడోలులో సిగ్నల్ ఫెయిలైనట్టుందమ్మా అని రిపోర్టు చేశాను.

"అయ్యో, పొద్దున్నుంచీ అక్కడే ఉన్నారాండీ? ఇంకెవరైనా అయితే ఆపేసి మళ్లీ మొదలెట్టేస్తారు కదండీ!" అని షాహీనా నవ్వు ఆపుకోలేకపోయింది.

"మళ్లీ మొదలెట్టడం అనేది రైల్వేలో లేదమ్మా."

వాళ్లు అక్కడ నడిపి చూశారు. వాళ్లకి ఎక్స్‌ప్రెస్ చక్కగా వచ్చి వెళ్లిపోయింది. మీరేదో మీట నొక్కేసుంటారండీ అన్నాడు సందీప్. నాకూ అదే అనుమానం వచ్చింది. మళ్లీ ఏలూరు నుంచి నడిపాను. మళ్లీ భీమడోలు, మళ్లీ రెడ్డు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ గొడుగులేసుకుని మా ఇంటికి వచ్చారు. నా వెనక నిలబడి, నేను ఒకప్పుడు పైలట్లని చూసినట్టే నన్ను చూశారు. భీమడోలులో ఆగాం. సందీప్ సిగ్నల్ వైపు చూస్తున్నాడు. షాహీనా మాత్రం ఆకాశం వైపు చూస్తోంది.

"సార్, పక్షులేవండీ?" అంది.

నిన్న కూడా రాలేదు, వర్షానికి రాలేదేమో అనుకున్నానమ్మా అన్నాను.

"వర్షం మీ ఇంటి బయట పడుతోందండీ. ఆటలో ఎండగా ఉంది కదండీ."

నా తెలివికి నాకే నవ్వొచ్చింది గానీ ఆమె నవ్వలేదు. సందీప్ వైపు తిరిగి, సార్ కంప్యూటర్లో పక్షుల ప్యాక్ ఉందా అంది. లేదండీ అన్నాడు. ఎర్ర పెట్టెల ప్యాక్? అదీ లేదండీ అన్నాడు. అతని ముఖం పాలిపోవడం నేను చూశాను.

సంగతి ఇదీ. ఎక్స్‌ప్రెస్‌కి మేం తగిలించిన ఎర్ర పెట్టెలు, ఆకాశంలో ఎగరేసిన గూడబాతులు మా బండిల్‌లోవి కావు. విడిగా అమ్మే యాడ్ఆన్‌లలోవి. అవి కొనుక్కున్నవాడి కంప్యూటర్లో ఎక్స్‌ప్రెస్ వస్తుంది. కొననివాడి కంప్యూటర్లో పెట్టెలు దొరక్క బండి అసలు పుట్టనే పుట్టదు. బండి వెళ్లదు కాబట్టి స్టార్టర్ గ్రీన్ పడదు. ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిటిలో అన్ని ప్యాకులూ ఉన్నాయి, వాటిని తయారుచేసింది వీళ్లే గనుక. వందసార్లు నడిపి చూసినా వాళ్లకి లోపం కనబడే దారి లేదు. మా రూట్ కొన్న ప్రతి కొత్తవాడూ భీమడోలు లూపులో ఇరుక్కుపోతాడు. వాడు నాలాగా అన్నం తింటూ కూర్చోడు. ఆట పాడైందని తిప్పి పంపేస్తాడు.

షాహీనా మా హాల్లోంచే అనిల్ గారికి ఫోన్ చేసింది. అందరికీ వినబడేలా పెట్టింది. ఆయన మర్యాదస్థుడే. విషయం విని, ఎర్ర పెట్టెల ప్యాక్ కూడా ఉండాలని దుకాణంలో ఒక లైను రాసేద్దాం, అది కూడా అమ్ముడవుతుంది కదా అన్నారు. తేదీ ప్రకటించాక వెనక్కి తగ్గితే కంపెనీ పరువు పోతుందన్నారు.

అనుమతి తీసుకుని నేనొక మాట చెప్పాను. బండి బయలుదేరే ముందు మేం కంటిన్యూటీ టెస్టు చేస్తాం. బ్రేకులు పనిచేసేది గాలితో. ఇంజన్ నుంచి చివరి పెట్టె దాకా ఒకటే పైపు. ఇంజన్లో గేజీ నిండినట్టు చూపించినా బండి తియ్యం. మధ్యలో ఎక్కడైనా కవాటం మూసి ఉంటే వెనక పెట్టెలకి గాలి అందదు, ఆ సంగతి ఇంజన్లో ఉన్నవాడికి తెలియదు. అందుకని చివర గార్డు తన గేజీ చూసి, అక్కడ గాలి కొంత వదులుతాడు. ఆ తగ్గుదల ఇంజన్లో కనబడాలి. అప్పుడే బయలుదేరతాం. మనం ఇప్పటిదాకా ఇంజన్ గేజీ మాత్రమే చూశామండీ అన్నాను.

అనిల్ గారు విని, "అది రైల్వే అండీ అంకుల్. ఇది గేమ్," అన్నారు.

దానికి జవాబు షాహీనా చెప్పింది.

"కొనేవాళ్లకి ఇది రైల్వేనే సార్. అందుకే కొంటున్నారు. భీమడోలు లూపులో బండి ఎందుకాగిందో వాళ్లకి తెలుసు. ఎక్స్‌ప్రెస్ రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. ఇంకో ప్యాక్ కొనుక్కుంటే వస్తుందని చెప్పలేను సార్."

తర్వాత తన ఉపాయం చెప్పింది. ఎర్ర పెట్టెలు మొత్తంగా ఇవ్వక్కర్లేదు. చూడడానికి మాత్రమే పనికొచ్చే పెట్టెలు చేసి రూట్‌లో కలిపేద్దాం. అవి పక్క లైన్లో దూసుకుపోతాయి, వాటిలోకి ఎక్కలేరు, తమ ఇంజన్‌కి తగిలించుకోలేరు. నడుపుకోవాలని సరదా ఉన్నవాడు ప్యాక్ కొనుక్కుంటాడు. గూడబాతులు కూడా ఒక గుంపు ఇచ్చేద్దాం. దీనికి విడుదల కొన్ని వారాలు వెనక్కి జరపాలి.

వెనక్కి తీసుకుంటే బాధ్యత నీది, తర్వాత ఏలూరు ఆఫీసు గురించి నాతో మాట్లాడొద్దు అన్నారాయన.

"నాదేనండీ," అంది షాహీనా.

ఆమె ఫోన్ పెట్టేసింది. నాకు ఆ పిల్ల మీద జాలి కలిగింది, గౌరవమూ కలిగింది. తప్పు చేశానా సార్ అని అడిగింది. బండి లేటైతే సంజాయిషీ రాసుకోవచ్చమ్మా, గాలి అందని బండి తీస్తే రాసుకోవడానికి ఏమీ ఉండదు అన్నాను. అది ఆమెకి ఊరటనిచ్చిందో లేదో తెలియదు. ఇద్దర్నీ భోంచేసి వెళ్లమని కరుణ గట్టిగా చెప్పడం వల్ల మాత్రం కాస్త తేరుకుంది. చేపల పులుసు చూసి సందీప్ కూడా తేరుకున్నాడు.

ఆ తర్వాతి వారాలు మా ఇల్లే పరీక్షా కేంద్రం. నా కంప్యూటర్లో ఇంకేమీ ఎక్కించకూడదని ఆర్డరు వేశాను. కరుణ పాటలు కూడా ఫోన్లోకి మారాయి. ఇదెక్కడి గొడవండీ, దేవుడి పాటలకి కూడా మీ రైళ్లు అడ్డమా అని ఆవిడ సణిగింది గానీ, పక్షులు వచ్చాయా లేదా అని రోజూ మొదట అడిగేది ఆవిడే. సందీప్ ఏ మార్పు చేసినా ముందు నాకు పంపేవాడు. నేను నడిపి, ఏది కనబడిందో, ఏది కనబడలేదో చెప్పేవాణ్ని. గేటు దగ్గర ఆగిన లారీ ఒకటి ఇంకో ప్యాక్‌లోదని అలాగే తేలింది. దాన్నీ మార్చారు.

రూట్ ఆలస్యంగా విడుదలైంది. మొదటి వారం షాహీనా సరిగా తినలేదని వాళ్ల అత్తగారు కరుణకి ఫోన్ చేసి చెప్పారు. కొన్నవాళ్లు రాసే అభిప్రాయాలు ముగ్గురం ఆఫీసులో కూర్చుని చదివేవాళ్లం. ఎవరో హారన్ బాగోలేదన్నారు. ఎవరో తాడేపల్లిగూడెం స్టేషన్ మెట్లు తప్పన్నారు, సందీప్ వెళ్లి చూస్తే ఆయనదే ఒప్పు. భీమడోలు గురించి ఫిర్యాదు ఒక్కటీ రాలేదు. ఒకాయన మాత్రం లూపులో ఆగి ఎక్స్‌ప్రెస్ పోవడం చూడడానికే ఆ సినారియో మళ్లీ మళ్లీ ఆడుతున్నానని రాశాడు. తిప్పి పంపినవాళ్లు చాలా తక్కువ.

నెలాఖరుకి అనిల్ గారు చెప్పకుండా ఏలూరు వచ్చారు. మెట్లెక్కి వచ్చి, నమస్కారం అంకుల్ అని, ఏ ప్యాకులూ లేని కంప్యూటర్ ఎక్కడుందని అడిగారు. మా ఇంట్లో అన్నాను. కారులో అందరం మా ఇంటికి వెళ్లాం. ఆయన కూర్చుని ఏలూరు నుంచి నడిపారు. బ్రేకు చాలా అన్యాయంగా వేశారు గానీ నేనేమీ అనలేదు. భీమడోలు లూపులో ఆగారు. ఎక్స్‌ప్రెస్ వచ్చి వెళ్లింది. స్టార్టర్ పడింది. ఆయన లేచి, ఇకమీద హైదరాబాద్‌లో చేసే రూట్లు కూడా విడుదలకి ముందు ఇలాగే ఖాళీ కంప్యూటర్లో నడిపించాలని, ఆ పని ఏలూరు ఆఫీసే చూడాలని చెప్పారు. గదుల ఓనరుతో ఒప్పందం ఇంకో మూడేళ్లకి రాయించుకోమని షాహీనాతో అన్నారు.

షాహీనా సరేనండీ అని, వంటింట్లోకి వెళ్లి కరుణ పక్కన కాసేపు ఊరికే నిలబడి వచ్చింది.

నేను ఇంకో రెండేళ్లు ఆ పనిలో ఉన్నాను. ఆ తర్వాత వచ్చిన ప్రతి రూట్‌కీ దేనితో ఏది కలిపి ఇవ్వాలన్న తగాదా జరుగుతూనే ఉంది, జరగాలి కూడా. దాని మీద నాకు గట్టి అభిప్రాయాలేమీ లేవు, అది వ్యాపారం చేసేవాళ్లు తేల్చుకోవలసినది. నాకు తెలిసింది ఒక్కటే. తయారుచేసినవాడి దగ్గర అన్నీ ఉంటాయి. అందుకునేవాడి దగ్గర మనం చేతికిచ్చినవే ఉంటాయి. పరీక్ష వాడి దగ్గర చెయ్యాలి.